అవతలి ఒడ్డు నూలు

నేను పుట్టింది తుంగభద్రకు కర్నూలు వైపు ఒడ్డున. మెట్టింది అలంపురం వైపు ఒడ్డున. మధ్యన ఉన్నది ఏరు ఒక్కటే. ఎండాకాలం చీర మోకాళ్ళ పైకి చెక్కుకుని నడిచి దాటవచ్చు. వానలు పడితే పుట్టి ఎక్కాలి. మా నాయన మిద్దె మీద నిలబడి చూస్తే మా అత్తగారి ఊళ్ళో పొద్దుటి పొయ్యిల పొగ కనిపించేది. అయినా నా పెళ్ళి కుదిరినప్పుడు మా వీధి ఆడవాళ్ళు, పిల్లను పరాయి దేశానికి ఇస్తున్నారని చెప్పుకున్నారు. వాళ్ళన్నదాంట్లో తప్పు లేదు. అవతల నైజాం రాజ్యం పోయి కొన్నేళ్ళు దాటింది గానీ, ఆ రాజ్యం పెట్టిన సుంకం నాకా రేవులో అట్లాగే నిలిచి ఉంది. ఇటు నుంచి అటు ఏ సరుకు పోయినా అక్కడ ఆగాలి, మూట విప్పి చూపాలి, సుంకం కట్టాలి.

పెళ్ళి మా నాయన ఇంటి ముందు పందిట్లో జరిగింది. మర్నాడు నన్ను సాగనంపుతూ చుట్టాలంతా ఏరు దాటారు. అవతలి ఒడ్డున ఒక రాతి గది, దాని పక్కన జమ్ము కప్పిన గుడిసె, దారికి అడ్డంగా ఎత్తి దించే పొడుగాటి వాసం ఉండేవి. మేము ఇసుక మీద కాలు పెట్టగానే జవాను వాసం దించాడు. నా పెట్టె తెరిచి చీరలు, ఇత్తడి బిందెలు, కంచు తాంబాళం అన్నీ బయట పరిచారు. కొత్త చీరలన్నిటికీ సుంకం కట్టాలన్నారు. ఇవి అమ్మే సరుకు కావనీ, పిల్లకు పెట్టిన సారె అనీ మా నాయన చేతులు జోడించి చెప్పాడు. జవాను కసరలేదు. కొత్త బట్ట ఎవరిదైనా కొత్త బట్టేననీ, వదిలేస్తే పైవాళ్ళు తనను వదలరనీ నిదానంగా చెప్పాడు. పసుపు బట్టల్లో నేను ఎండలో నిలబడి ఉంటే మా అత్త దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గిది రోజుండేదే బిడ్డా. అలవాటు చేస్కో," అంది.

మా అత్త నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

ఆమె పొడుగాటి మనిషి. మొగుడు పోయాక ఒక్కతే రాట్నం తిప్పి, కండెలు చుట్టి కొడుకును పెంచింది. మా ఆయన పదిమందిలో మాట్లాడలేని మనిషి. మగ్గం మీద కూర్చుంటే మాత్రం పొద్దు గూకేదాకా లేచేవాడు కాదు. నూలు చీరలకు పట్టు అంచు కలిపి నేసేవాడు. ఆ అంచు కలిపే చోట అతుకు కనపడకుండా నేయడం మా వీధిలో అందరికీ వచ్చు. కానీ ఆత్మకూర్ సంతలో కాపుల ఆడవాళ్ళు మా ఆయన చీరలనే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళట. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా మాటతీరు విని పక్కింటి పిల్లలు నవ్వేవాళ్ళు. నేను 'ఎట్లుండావు' అంటే వాళ్ళు 'ఎట్లున్నవు' అని దిద్దేవాళ్ళు. అప్పుడు మా ఆయన కూడా తల వంచుకుని మగ్గం మీదనే నవ్వేవాడు.

కాపురానికి వచ్చిన కొన్నాళ్ళకే మా అత్త నన్ను కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది. ఇవతల నూలు పిరం. దుకాణంలో కొంటే ధరలో నాకా సుంకం, షావుకారు లాభం రెండూ కలిసి ఉంటాయి. అవతల అదే నూలు చౌకగా దొరుకుతుంది. మా నాయన, అన్న కూడా నేతవాళ్ళే కాబట్టి ఆ నూలు మాకు ఇప్పించగలరు. దాన్ని నాకా దాటించాలి, అంతే.

"నీ పుట్టిల్లు ఏటికవతల ఉన్నదనే నిన్ను చేస్కున్నం పిల్లా," అంది అత్త. "దాచి చెప్పుడెందుకు. నిన్ను చూసినంక నువ్వు గూడ నచ్చినవనుకో."

నాకు కోపం రాలేదు. అంత సూటిగా చెప్పినందుకు ఆమె మీద ఒక నమ్మకం ఏర్పడింది.

మా వీధిలో కోడళ్ళంతా చేసే పని ఒకటుంది. చిలపలుగా చుట్టిన నూలు కట్టలు నడుం చుట్టూ, పొత్తికడుపు మీద బిగించి కట్టుకుని, పైన ముతక చీర చుట్టి, వెనక్కి వాలి నడవడం. చూసేవాళ్ళకు ఆరో నెలో ఏడో నెలో అనిపించాలి. కడుపుతో ఉన్న మనిషిని జవాన్లు తాకేవాళ్ళు కాదు. ఆడవాళ్ళను సోదా చేయడానికి ఒకామెను పెట్టారు గానీ, ఆమె కూడా మూటలు చూసి పంపేసేది. ఎక్కడ కట్టాలో, ఎట్లా ఊపిరి పీల్చాలో, ఇసుకలో ఏ కాలు ముందు వేయాలో మా అత్త నాకు చూపించింది. ఆ ఏడాది నేను చాలాసార్లు ఉత్త నూలుతో నిండు మనిషినై ఏరు దాటాను. పుట్టి నడిపే ముసలాయన అంతా తెలిసి కూడా, పుట్టి దిగేటప్పుడు నాకు చెయ్యి అందించి, "మెల్లగమ్మా," అనేవాడు.

మరుసటి ఏడు వానలు తగ్గాక మా పక్క వీధి కోడలు ఒకతె పట్టుబడింది. ఇసుకలో నడుస్తుంటే కట్టు జారి చిలప ఒకటి కాళ్ళ మధ్యనుంచి వేలాడింది. నూలంతా జప్తు చేశారు. పైనుంచి ఒక అధికారి గుర్రబ్బండిలో వచ్చి జవానును రేవులో అందరి ముందర తిట్టాడని చెప్పుకున్నారు. ఆ తర్వాత కడుపుతో ఉన్న ఏ ఆడదాన్నీ సోదా లేకుండా వదలవద్దని హుకుం వచ్చింది.

నాకు నిజంగా నెల తప్పింది ఆ రోజుల్లోనే.

నాకు తల్లి లేదు. చిన్నప్పుడే పోయింది. పుట్టింట్లో పురుడు పోసే ఆడమనిషి లేదు కాబట్టి, కాన్పు ఇక్కడే చేస్తానని మా అత్త ముందే చెప్పింది. ఏడో నెల నడుస్తుండగా మా నాయనకు జ్వరం ముదిరిందని కబురు వచ్చింది. నేను పోయి కొన్నాళ్ళు ఉన్నాను. నాయన తేరుకున్నాక మా అత్త నన్ను తీసుకుపోవడానికి వచ్చింది. బయలుదేరేటప్పుడు మా అన్న కొంచెం నూలు మూట కట్టి తెచ్చాడు. అత్త దాన్ని చేత్తో వెనక్కి నెట్టింది. ఈసారి కడుపులో నూలు కాదు, మనిషి ఉన్నాడనీ, ఒక్క పోగు కూడా తనకు వద్దనీ చెప్పింది.

ఏరు దాటేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. వాసం దగ్గర ఆ పాత జవానే ఉన్నాడు. మా అత్తను చూడగానే అతని ముఖం మారింది. ఆమె ఎవరో, కోడలితో ఏం మోయిస్తోందో అతనికి తెలియకపోలేదు. సోదా ఆమె ఊళ్ళోకి బువ్వకు పోయిందనీ, వచ్చేదాకా ఆగాలనీ అన్నాడు.

"గిది నిజమైన కడుపు," అంది మా అత్త.

"గట్లనే అంటరమ్మా అందరు. నిరుడు గీ పిల్లకే నువ్వు గూడ అంటివి," అన్నాడు జవాను. ఆ మాటలో వెటకారం లేదు. నిజమే చెప్పాడు.

నీడకు ఆ గుడిసె తప్ప ఏమీ లేదు. గుడిసెలో జప్తు చేసిన మూటలు నింపారు. మేము బయట నిలబడ్డాం. ఇసుక కాలుతోంది. కాసేపటికి నేను కూర్చున్నాను. మా అత్త తన కొంగు విప్పి నా తల మీద పరిచి, నాకు ఎండ తగలకుండా అడ్డం నిలబడింది. జవాను కుండతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నా పాదాలు ఉబ్బి ఉన్నాయి. నడుములో ఏదో పట్టుకున్నట్టు ఉంది గానీ కూర్చోవడం వల్లనే అనుకున్నాను.

సోదా ఆమె ఎప్పటికో వచ్చింది. ఎండలో నడిచి వచ్చి రొప్పుతోంది. నన్ను గుడిసెలోకి తీసుకుపోయి మూటల మధ్య నిలబెట్టి చీర కుచ్చిళ్ళు విప్పించింది. కట్టు ఏమీ కనపడకపోయేసరికి, లోపల ఇంకేదో ఉందేమోనని రెండు చేతులతో పొత్తికడుపు గట్టిగా ఒత్తి చూసింది. బిడ్డ కదిలింది. ఆమె చేతులు ఠక్కున వెనక్కి తీసుకుంది. "అయ్యో, నిజమే," అని మెల్లగా అని, కుచ్చిళ్ళు తనే పెట్టి, నన్ను బయటకు తీసుకొచ్చింది. జవాను వాసం ఎత్తాడు.

ఊరు అక్కడికి ఎంతో దూరం లేదు. సగం దారిలో, తుమ్మచెట్ల దగ్గర, నాకు ఉమ్మనీరు పోయింది. మా అత్త కేకలకు గొర్లు కాచేవాళ్ళు పరిగెత్తి వచ్చారు. ఆ వెనకనే జవాను కూడా వచ్చాడు. మంత్రసాని కోసం ఊళ్ళోకి ఉరికింది అతనే. కానీ మంత్రసాని చేరేలోపే అంతా అయిపోయింది. ఆడపిల్ల. ఒకసారి నోరు తెరిచిందని మా అత్త అంటుంది. నాకైతే ఏడుపు వినపడలేదు.

ఎండ వల్ల పోయిందో, ఆమె చేతుల ఒత్తిడి వల్ల పోయిందో, ముందే నా ఒంట్లో ఏదైనా లోపం ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు చాలామంది చాలా చెప్పారు. నేను ఎవరినీ అడగలేదు. మా ఆయన ఆ పిల్లను తను నేసిన కొత్త చీర ముక్కలో చుట్టి ఏటి గట్టున పాతి వచ్చాడు. తర్వాత చాలా రోజులు మగ్గం మీద కూర్చునేవాడు గానీ నాడె అటూ ఇటూ ఆడే చప్పుడు వినిపించేది కాదు. మా అత్త మాత్రం ఒక మాట పదే పదే అనేది. తాము ఇన్నేళ్ళు దొంగ కడుపులు కట్టకపోతే, ఆ రోజు నిజం కడుపును నమ్మేవాళ్ళు కదా అని. నేను వద్దన్నా వినేది కాదు. ఆ తర్వాత ఆమె పట్టుబట్టి దుకాణం నూలే కొనిపించింది. నాకు మళ్ళీ కడుపు పండలేదు.

రెండు రాష్ట్రాలు ఒకటి కావడానికి కొంచెం ముందు నాకా ఎత్తేశారు. ముందు పుకారుగా వచ్చింది, తర్వాత ఒక పొద్దున వాసం లేదు. రాతి గది తలుపులు కూడా ఎవరో పీక్కుపోయారు. మా వీధిలో బెల్లం పంచారు. మా ఆయన ఆ పూట మగ్గం దిగి రేవుదాకా పోయి చూసి వచ్చాడు. జవానుకు వేరే ఊరికి బదిలీ అయిందని కొందరు, ఉద్యోగమే పోయిందని కొందరు అన్నారు. పోయే ముందు అతను మా ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డాడు. మా అత్త గడపలో కూర్చుని ఉంది. కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండేళ్ళు మాకు బాగా జరిగిందనే చెప్పాలి. నూలు దాచుకోకుండా, బండి మీద, పట్టపగలు వచ్చింది. మా అన్నే పంపేవాడు. మా ఆయన రెండో మగ్గం పెట్టి ఒక పిల్లవాడిని కూలికి కూర్చోబెట్టాడు. పుట్టింటికి పోవాలనుకున్న రోజున నేను చేతిలో సంచీతో ఏరు దాటి, మా నాయనకు ఇంత వండిపెట్టి, పొద్దు గూకేలోపు తిరిగి వచ్చేదాన్ని. అంత సులువుగా దాటడం మొదట్లో నాకు నమ్మశక్యంగా ఉండేది కాదు.

కానీ ఏరు దాటి నూలు వచ్చిన దారిలోనే చీరలు కూడా వస్తాయని మాలో ఎవరమూ ఆలోచించలేదు.

ఆత్మకూర్ సంతకు నేను కూడా మా ఆయనతో పోయేదాన్ని. గద్వాల దాకా బండి, అక్కడినుంచి కృష్ణ దాటి పోవాలి. దసరా ముందు సంత అది. మేము ఎప్పుడూ కూర్చునే చోట గోనె పరిచి చీరలు పెట్టుకున్నాం. కొంతసేపటికి సంతకు అవతలి కొసన జనం మూగారు. ఎవరో కర్నూలు వైపు వ్యాపారి చీరలు చౌకగా ఇస్తున్నాడన్నారు. ఏటేటా మా దగ్గరే కొనే కాపు ఇల్లాలు ఒకామె మా చీర చేతిలోకి తీసుకుని, అంచు తడిమి, ధర విని, మళ్ళీ వస్తానని కింద పెట్టి అటే పోయింది. కాసేపటికి ఆమె చంకలో రెండు చీరలతో మా ముందు నుంచే తల తిప్పుకుని పోయింది.

ఎవరో చూద్దామని నేను లేచి పోయాను. ఆ జనం మధ్యలో మా అన్న.

అన్న అప్పటికే నేయడం మానేశాడు. అవతల ఊళ్ళలో పది ఇళ్ళ నేతగాళ్ళకు నూలు ఇచ్చి, కూలి ఇచ్చి, చీరలు తనే తీసుకుంటున్నాడు. మిల్లులో రంగు వేసిన నూలు, పట్టుకు బదులు మెరుపు దారం. చూపుకు మా చీరలాగే ఉండేది. రెండు ఉతుకులకు తేలిపోతుంది గానీ ఆ సంగతి సంతలో ఎవరికి తెలుస్తుంది. నన్ను చూసి అన్న ముఖం పాలిపోయింది. మేము ఆ సంతకు వస్తామని అతనికి తెలుసు. ఆ రోజే వస్తామని తెలియదు, అంతే. మా ఆయన దగ్గరికి వచ్చి చాలాసేపు గోనె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బావా, నీ నోటికాడి కూడు లాక్కోవాలని నేను రాలేదు. రేవు తెరిసినారు, సరుకు ఏసుకోని వచ్చినా. నేను రాకుంటే ఇంకొకడు వస్తాడు," అన్నాడు.

మా ఆయన తల ఊపాడు. కోపంగా ఒక్క మాట అనలేదు. అనలేని మనిషి. పొద్దు వాలకముందే చీరలు మడిచి మూట కట్టాడు. తిరుగు దారిలో కృష్ణ దాటాక, ఎద్దులను ఆపి నీళ్ళు తాగిస్తూ అన్నాడు.

"గా నాకా మన నూలుకు అడ్డమని ఇన్నేండ్లు తిట్టినం. మన చీరెలకు అదే దడి అని ఎవలకెరుక."

తర్వాత కొత్తకోటలో, పెబ్బేరులో, ఎక్కడ సంత పెట్టినా అవతలి చీరలే. అన్న ఒక్కడే కాదు. అతనన్నట్టే ఇంకా చాలామంది వచ్చారు. హైదరాబాదు రోడ్డు మీద లారీల్లో మిల్లు బట్ట బేళ్ళకు బేళ్ళు దిగింది. మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కూలి పిల్లవాడిని మేమే పంపేశాం. ఆ వెనక వానలు లేని రెండేళ్ళలో జొన్న అంబలి ఒక పూటే తాగి, రెండో పూట నీళ్ళు తాగి పడుకున్న రోజులున్నాయి. నేను వేరుశనగ పీకడానికి కూలికి పోయాను. నేత ఇంటి కోడలు చేను పనికి పోవడం మా అత్త చూడలేక గోడ వైపు తిరిగి కూర్చునేది.

అన్న అప్పటికి ఇంటి వెనక పెద్ద షెడ్డు వేసి, అన్ని మగ్గాలూ ఒకే చోట పెట్టించాడు. మా నాయన చనిపోతే కర్మలకు పోయినప్పుడు, మా ఆయనను పక్కకు పిలిచి, వచ్చి తన దగ్గర నేయమన్నాడు. బావమరిది ఇంట్లో కూలికి నేయడం కంటే చావు మేలని మా అత్త ఇల్లంతా వినపడేటట్టు అంది. మా ఆయన ఆ మాట విని కూడా వారం తర్వాత పోయాడు. సోమవారం పొద్దున ఏరు దాటేవాడు, శనివారం సాయంత్రం వచ్చేవాడు. తెచ్చిన బియ్యం మా అత్త వండేది, మాకు పెట్టేది, తాను మాత్రం జొన్న రొట్టే తినేది. ఎన్నిసార్లు బతిమాలినా ఆ మెతుకు నోట పెట్టలేదు.

అక్కడ అతనికి అంచు అతికే పని లేదు. అందరూ నేసే చీరే నేయాలి, రోజుకు ఇంత అని నేయాలి. ఒక శనివారం రాత్రి బువ్వ తింటూ, ఏమన్నా కష్టంగా ఉందా అని నేను అడిగితే, కష్టమేం లేదన్నాడు. ఇప్పుడు చేతులు పని చేస్తున్నా తను ఎటో చూస్తూ కూర్చోవచ్చని అన్నాడు. ఆ మాట ఎంత దిగులుగా అన్నాడో నేను చెప్పలేను.

షెడ్డులో గాలి ఆడదు. నూలు దూది పొగలాగా లేస్తుంది. దగ్గు మొదలైంది. మొదట అల్లం కషాయం తాగించాం. చలికాలం పోయినా దగ్గు పోలేదు. ఒకసారి అతను తెచ్చిన తువ్వాలు ఉతుకుతూ నేను నెత్తురు చూశాను. అన్నకు కబురు పెడితే, అతనే బండి కట్టించుకుని వచ్చి కర్నూలు దవాఖానలో చేర్పించాడు. ఈ మాట చెప్పి తీరాలి. ఖర్చుకు అన్న వెనకాడలేదు. సూదులు, పాలు, గుడ్లు అన్నీ చూశాడు. రాత్రుళ్ళు వరండాలో తనే పడుకునేవాడు. నేను మంచం పక్కన ఉండేదాన్ని. మా ఆయన ఊపిరి అందక కూర్చున్నప్పుడు అన్న వెనక కూర్చుని వీపు ఆనించేవాడు. అన్న ఒళ్ళోనే ప్రాణం పోయింది.

మా ఆయనను పుట్టిలోనే ఇవతలికి తెచ్చాం. పాడుబడ్డ నాకా గదిలో గొర్లు నిలబడి ఉన్నాయి. మా అత్త రేవుకు రాలేదు. ఇంటి గడపలో కూర్చుని ఉంది. కొడుకును దించాక ఒకసారి ముఖం తడిమి చూసి, తల ఎత్తి మా అన్న వైపు తిరిగింది. అన్న ఏడుస్తూ ఆమె కాళ్ళ మీద పడబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నీ తప్పేం లేదు నాయినా. అందుకే నిన్ను తిడుతలేను," అంది. "నువ్వు చేసినంత నా చుట్టం ఒక్కడు చెయ్యలే. అయితే నా గడప మాత్రం తొక్కకు. నాతోని కాదు."

అన్న గుమ్మం బయటే నిలబడి, శవం వెంట శ్మశానం దాకా నడిచి, అటునుంచి అటే ఏరు దాటి పోయాడు.

నన్ను పుట్టింటికి వచ్చేయమని చాలామంది అన్నారు. మా అత్తను వదిలి ఎట్లా పోతాను. ఆమెకు కళ్ళు మసకబారుతున్నాయి. నేను కూలికి పోయేదాన్ని, ఆమె పొయ్యి చూసుకునేది. మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ. అయినా ఏ పూటా ఒకరు తినకుండా ఇంకొకరం తినలేదు.

అన్న షెడ్డు కూడా ఎక్కువ కాలం నడవలేదు. షోలాపూర్ నుంచి, ఇంకా అవతలి నుంచి కరెంటు మగ్గాల చీరలు వచ్చాయి. అన్న అమ్మే ధరలో సగానికి అమ్మారు. అన్న మా ఆయనతో చెప్పిన మాటే ఇంకెవరో అన్నతో చెప్పి ఉంటారు. ఒక పొద్దున అతను మా ఇంటి ముందు నిలబడి నన్ను పిలిచాడు. జుట్టు నెరిసింది. ఒంటి మీద చొక్కా వేలాడుతోంది. అరుగు మీద కూర్చున్నాడు, లోపలికి రాలేదు. షెడ్డు అమ్మేశాననీ, పెళ్ళాం పిల్లలతో భివండీ పోతున్నాననీ, అక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్నారనీ చెప్పాడు. నన్ను కూడా రమ్మన్నాడు. మా అత్తను కూడా తీసుకురమ్మన్నాడు.

లోపల నుంచి మా అత్త అంతా వింటోంది. గోడ పట్టుకుని మెల్లగా గుమ్మం దాకా వచ్చింది.

"గాడ గూడ మగ్గాలేనా?" అని అడిగింది.

"కరెంటు మగ్గాలు పెద్దమ్మా. వాటంతట అవే నేస్తాయి."

"మరి మనిషితోని పనేంది?"

"దారం తెగితే ముడెయ్యాల," అన్నాడు.

నేను రానని చెప్పాను. రొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు ఆకులో పెట్టి ఇస్తే తిన్నాడు. చేతులు కడుక్కుని, నా తల మీద చెయ్యి పెట్టి, గద్వాల స్టేషను వైపు పోయే బండి అందుకోవాలని లేచాడు. వీధి మలుపు దాకా అతన్ని చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత ఒకసారి ఎవరో వచ్చి అన్న బాగానే ఉన్నాడని చెప్పారు. అంతకంటే నాకు తెలియదు.

ఆ ఏడాది వానల్లో మా అత్త చూపు దాదాపు పోయింది. మగ్గం ఎప్పుడో విప్పి వంటచెరుకు చేశాం గానీ, నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంట నడింట్లో అట్లాగే ఉంది. ఆమె పొయ్యి దగ్గరికి పోతూ రెండుసార్లు దాంట్లో జారి పడింది. రెండోసారి కాలు మడిమ దగ్గర వాచి, నెల రోజులు మంచంలో ఉంది. ఆమె లేచి తిరిగేలోపు పూడ్చేయాలనుకున్నాను. ఏటినుంచి గంపతో ఒండ్రు మట్టి మోసుకొచ్చి పోశాను. పని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. నీళ్ళు చల్లి, కాళ్ళతో తొక్కి, పైన పేడ అలికాను. మా అత్త మంచం మీద పడుకుని ఆ చప్పుడు వింటూనే ఉంది.

సాయంత్రం తడి ఆరాక ఆమెను లేపి, చెయ్యి పట్టి, దాని మీదుగా నడిపించాను. ఆమె మధ్యలో ఆగి కాలి బొటనవేలితో నేలను ఒకసారి ఒత్తి చూసింది.

"గట్టిగనే తొక్కినవు," అంది.

తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని, రొట్టెలకు పిండి తెమ్మంది.